గోడవార వరుస

మా బావ సమాధుల తోటకి కాపలాదారు. గుంటలు తవ్వేదీ ఆయనే, గడ్డి కోసేదీ ఆయనే, గేటు తాళంచెవి నడుముకి కట్టుకుని తిరిగేదీ ఆయనే. నేను వడ్రంగిని. గేటుకి ఎదురుగానే నా కొట్టు. కుర్చీలూ బల్లలూ చేస్తాను గానీ, నిజం చెప్పాలంటే మా ఇంట్లో పొయ్యి వెలిగించినవి శవపెట్టెలే. "నువ్వు పెట్టెలో పెడితే నేను గుంటలో పెడతాను. ఇద్దరం కలిసి ఊరినంతా సాగనంపుతున్నాంరా బామ్మర్దీ" అనేవాడు బావ. చావు పక్కన బతికేవాళ్ళ హాస్యాలు ఇలాగే ఉంటాయి. నచ్చనివాళ్ళు చెవులు మూసుకోవచ్చు.

ఊళ్ళో ఆయన్ని 'చిట్టా' అని పిలిచేవారు. ఎవరు ఎక్కడ పడుకున్నారో మొత్తం ఆయన తలలోనే ఉండేది. ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరో వచ్చి, మా నాయనమ్మ సమాధి ఎక్కడండీ అని అడిగితే, "పోయింది ఎండాకాలమా, వానాకాలమా?" అని ఒక్క ప్రశ్న వేసి, తిన్నగా తీసుకెళ్ళి నిలబెట్టేవాడు. చర్చివాళ్ళు రాసుకోమని ఒక పుస్తకం ఇచ్చారు. షెడ్డు కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా దాన్ని అడ్డం పెట్టాడు. చదువు రాక కాదు. "నా తలకాయ ఉండగా కాగితం ఎందుకురా?" అనేవాడు. దాన్ని పొగరంటారు. మా అక్క మొగుడే అయినా మొహమాటం లేకుండా చెబుతున్నాను.

అక్కకి పెళ్ళైన తొమ్మిదేళ్ళకి ఆడపిల్ల పుట్టింది. ఆదివారం చర్చిలో పాస్టరు గారి చేతుల మీదుగా పేరు పెట్టించాలనుకున్నారు. ఆదివారం దాకా పిల్ల ఆగలేదు. మూడు రోజులే బతికింది. ఆ వానాకాలం పసిపిల్లలకి ఏదో మాయదారి జ్వరం పట్టుకుని, ఒక్క వారంలో పదకొండు మందిని తీసుకుపోయింది. పదకొండు పెట్టెలూ నేనే చేశాను. ఒకటే కొలత, ఒకటే చెక్క. మేనకోడలి పెట్టెలో మాత్రం నా పాత చొక్కా పరిచాను. పైన ఏ గుర్తూ పెట్టలేదు. పెట్టి ఉంటే ఇప్పుడు నేను చెప్పుకోవలసింది ఏమీ ఉండేది కాదు.

పదకొండు మందినీ వెనక గోడవారగా ఒకే వరుసలో పెట్టాడు బావ. అంటుజ్వరమని పాతేటప్పుడు ఆయన్ని తప్ప ఎవరినీ లోపలికి రానివ్వలేదు. ఒక్కో గుంట తలవైపు అంకె వేసిన చెక్కమేకు పాతడం అక్కడి పద్ధతి. వాన ఆగలేదు. మట్టి మెత్తబడి మేకులు వాలిపోతుంటే, ఎక్కడ కొట్టుకుపోతాయోనని పదకొండూ పీకి షెడ్డులో దాచాడు. నీళ్ళు లాగేశాక మళ్ళీ పాతొచ్చు, వరుస నాకు తెలుసుగా అనుకున్నాడు. మర్నాడే ఆయనకీ జ్వరం తగిలింది. పన్నెండు రోజులు మంచం దిగలేదు. లేచేసరికి పాత సమాధులన్నీ ఎక్కడివక్కడ గుర్తున్నాయి, ఆ ఒక్క వారం మాత్రం తుడిచిపెట్టుకుపోయింది. ఆ వరుసలోనే నీళ్ళు నిలిచిన చోటు వదిలేసి ఆరిన చోటల్లా ముందూ వెనకగా తవ్వాడు కాబట్టి, అంకెల వరుస చూసి పోల్చుకునే దారీ లేదు. ఎవరికీ చెప్పలేదు. మేకులు చేతికి వచ్చినట్టు పాతేశాడు.

అక్క కాస్త కోలుకున్నాక, నా చెయ్యి పట్టుకుని అక్కడిదాకా నడిచి వచ్చింది. "ఎక్కడండీ?" అంది. బావ చెయ్యెత్తి గేటు వైపు నుంచి నాలుగోది చూపించాడు. చూపించి, దగ్గర నిలబడకుండా షెడ్డు వైపు వెళ్ళిపోయాడు. కన్నతండ్రి కదా, దుఃఖం అనుకున్నాను.

ఆ తర్వాత ముప్పై ఒక్క ఏళ్ళు ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక అక్క ఆ నాలుగో దాని పక్కన కూర్చునేది. పూలు పెట్టేది. వారం కబుర్లన్నీ చెప్పేది, నా మీద చాడీలు కూడా. వాళ్ళకి మళ్ళీ పిల్లలు పుట్టలేదు. మిగతా కుటుంబాలవాళ్ళు కొందరు ఊరు మారారు, కొందరికి వేరే పిల్లలు పుట్టి రాకపోకలు తగ్గాయి. బావ మాత్రం రోజూ పొద్దున్నే బకెట్టుతో వెళ్ళి పదకొండింటి మీద గడ్డికీ నీళ్ళు పోసేవాడు. "అందరి పిల్లలకీ నువ్వే నాన్నవా బావా?" అని ఒకసారి వేళాకోళమాడాను. నవ్వలేదు. నా నాలుకకి ఎప్పుడు ఊరుకోవాలో తెలియదు, ఇప్పటికీ తెలియదు.

ఇంకో సంగతి. తొంభైతొమ్మిది గొర్రెల్ని వదిలి తప్పిపోయిన ఒక్కదాని కోసం వెతుక్కుంటూ వెళ్ళిన కాపరి గురించి పాస్టరు గారు ఎప్పుడు మొదలుపెట్టినా, ఆ కాపరి ప్రభువేనని, తన గొర్రెల్ని ఒక్కొక్కదాన్నీ పేరుపేరునా ఎరుగుతాడని చెప్పినప్పుడల్లా, బావ లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. గేటు చూసుకోవాలంటాడు. ఆదివారం పూట గేటుని ఎవరు ఎత్తుకుపోతారని నాకు ఒళ్ళు మండేది. భక్తి లేని మనిషి అని అక్క దగ్గర అన్నాను కూడా.

పోయినేడాది అక్కకి కడుపులో రాచపుండు ముదిరింది. ఇంక వారాలే అన్నాడు డాక్టరు. ఆస్పత్రి వద్దు, ఇంటికే పోదామంది. ఇల్లంటే తోట గోడకి ఆనుకుని ఉన్న ఒక్క గది. కిటికీలోంచి సమాధులు కనిపిస్తాయి. ఒక మధ్యాహ్నం బావని దగ్గర కూర్చోబెట్టుకుంది.

"నన్ను పాప పక్కనే పెట్టండి. అక్కడ జాగా తక్కువని మీరంటారు, నాకు తెలుసు. ఎంత చిక్కిపోయానో చూశారుగా, సరిపోతాను" అంది.

బావ నా కొట్టుకి వచ్చి చెక్కల దొంతర మీద కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు, మేకులు పీకిన దగ్గర్నుంచి మొత్తం. నేను చెక్క నునుపు చేస్తూ చిత్రిక పడుతున్నాను. చేతిలోని చిత్రికని నేలకేసి కొట్టాను. దాని పిడి విరిగింది.

"ముప్పై ఒక్క ఏళ్ళు మా అక్క చేత ఎవరి పిల్లకో పూలు పెట్టించావా?"

"అవును."

"మనిషివేనా నువ్వు?"

ఆయన వంగి విరిగిన పిడి ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. కాసేపటికి నేనే చల్లబడ్డాను. "సరే, జరిగిందేదో జరిగింది. ఇప్పుడు నిజం చెప్పి ఎవరిని ఉద్ధరిస్తావు? నోరు మూసుకుని ఆ నాలుగో దాని పక్కనే పెట్టు. సుఖంగా పోతుంది" అన్నాను.

"రేపు ఆమె అక్కడ పడుకుంటుందిరా. పక్కన ఎవరి పిల్లో. చచ్చేదాకా నేను రోజూ ఆ దారిన తిరగాలి. నేను చూపించిన చోటు నమ్ముకుని ముప్పై ఏళ్ళు కూర్చుంది. ఇంకో అబద్ధం కప్పి పంపమంటావా?"

కొట్టు తలుపు దగ్గరికి వేశాను. ఆయన వెంట నేనూ వెళ్ళాను.

గది నేల మీద, మంచం కోడు పట్టుకుని కూర్చుని చెప్పాడు. అక్క కళ్ళు మూసుకుని విన్నది. అయ్యాక గోడవైపు తిరిగి పడుకుంది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన పట్టిన నీళ్ళు తాగలేదు, నేను పడితే తాగింది. ఆ రెండు రోజుల్లో బావ మొహం చూసి నాకే జాలేసింది. నేనే చెప్పాను కదా చెప్పొద్దని, అని అనబోయి మొదటిసారి నా నాలుకని ఆపుకున్నాను.

మూడో రోజు పొద్దున్న ఆమే పిలిచింది.

"ఏవండీ. ఆ నాలుగో దాంట్లో ఎవరి పిల్లో గానీ, దానికి ఇన్నేళ్ళూ పూలు అందాయి. మరి నా పాపకి ఎవరు పెట్టారు?"

"పూలు పెట్టలేదే. నీళ్ళు పోశాను. పదకొండింటికీ పోశాను. ఏది మనదో తెలియక, ఒక్క రోజు కూడా ఏదీ వదల్లేదు."

అప్పుడు ఏడ్చింది అక్క. పసిదాన్ని తీసుకెళ్ళిన రోజు కూడా అలా ఏడవలేదు. బావ ఆమె పాదాలు పట్టుకుని కూర్చున్నాడు. నేను గుమ్మంలో నిలబడి కిటికీ వైపు చూస్తూ ఉండిపోయాను. వాళ్ళ వైపు చూడలేకపోయాను.

ఏడుపు ఆగాక అక్క అంది. "నాకో భయం ఉండేదండీ. మీకెప్పుడూ చెప్పలేదు. పేరు కూడా పెట్టకుండా పంపించేశాం. అంతమంది పసివాళ్ళలో దేవుడు దాన్ని ఏమని పిలుస్తాడు, ఎలా పోల్చుకుంటాడు అని. ఈ రెండు రోజులూ అదే ఆలోచించాను. అది మీ తలకాయలోంచి పోయింది. ఆయన చేతిలోంచి పోలేదు. ఒక్కదాని కోసం కొండలన్నీ తిరిగినవాడు, దాని కోసం ప్రాణమే ఇచ్చుకున్నవాడు, గోడ పక్కన పదకొండింట్లో నా పిల్లని వెతుక్కోలేడా? ఆయనకేం మేకులు కావాలా?"

బావ తల ఎత్తలేదు.

"అలాగని మీ మీద కోపం పోయిందనుకోకండి. కొంచెం ఉంది. అదీ ఆయనకి తెలుసు" అంది.

కాస్త ఊపిరి తీసుకుని తన గుంట సంగతి తనే తేల్చేసింది. "అడ్డంగా తవ్వండి. ఆ వరుస కాళ్ళ దగ్గర. పిల్లలు మంచమంతా పరుచుకుని పడుకుంటే తల్లి కాళ్ళ దగ్గర అడ్డంగా ముడుచుకోదూ, అలా."

"నువ్వెంత సాగి పడుకున్నా నలుగురి కాళ్ళ దాకానే వస్తావే అక్కా" అన్నాను నేను. ఏడుపు ఆపుకోలేక అన్న మాట అది.

"మిగతావాళ్ళు సర్దుకుంటార్లేరా" అంది.

సమాధులన్నీ ఒకే దిక్కుకి ఉండాలని చర్చి నియమం. అడ్డంగా ఎలా కుదురుతుందని పాస్టరు గారు నసిగారు. బావ ఆయనకీ మొత్తం చెప్పేశాడు. షెడ్డు కిటికీకి అడ్డం పెట్టిన పుస్తకం తెచ్చి, దుమ్ము దులిపి, ఆయన ముందే మొదటి పేజీలో రాశాడు. 'గోడవార పదకొండు మంది పిల్లలు. ఎవరు ఎక్కడో నాకు తెలియదు. తప్పు నాది.' పాస్టరు గారు చదివి పుస్తకం మూశారు. తర్వాత అడ్డంగానే తవ్వమన్నారు. ఊళ్ళో మిగిలిన తల్లులకి బావే స్వయంగా ఇంటింటికీ వెళ్ళి చెప్పాడు. ఒకావిడ గేటు దాకా వచ్చి నోటికొచ్చినట్టు తిట్టి పోయింది. ఆవిడకి తిట్టే హక్కుంది.

పోయే రోజు పొద్దున్న అక్క బావని వంగమని సైగ చేసింది. ఆయన చెవిలో ఏదో చెప్పింది. పాప బతికిన ఆ మూడు రోజుల్లో మనసులో అనుకున్న పేరు. ఆదివారం అందరి ముందూ చెబుదామని దాచుకుని, ఆ తర్వాత ముప్పై ఒక్క ఏళ్ళూ ఎవరికీ చెప్పనిది. నేను గుమ్మంలోనే ఉన్నాను, నాకు వినపడలేదు. మధ్యాహ్నానికి పోయింది.

పెట్టె నేనే చేశాను. లోపల ఈసారి కూడా నా చొక్కా పరిచాను. ఎందుకని ఎవరూ అడగలేదు. గుంట బావ ఒక్కడే తవ్వాడు, గడ్డపార ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

మర్నాడు పొద్దున్నే కొట్టు తీస్తూ చూస్తే, గేటు తెరిచి ఉంది. బావ గోడవార ఉన్నాడు. చేతిలో బకెట్టు లేదు. మొదటి దాని దగ్గర వంగి, మట్టి మీద చెయ్యి పెట్టి ఏదో అన్నాడు. కొంచెం ఆగాడు. లేచి రెండో దాని దగ్గరికి వెళ్ళి మళ్ళీ అదే. ఒక్కో చోటా ఒకే మాట, ఒక్కసారే. పెదాలు కదలడం కనిపించింది గానీ పేరు నాదాకా రాలేదు. పదకొండోది అయ్యాక మోకాళ్ళు పట్టేసి అక్కడే కూలబడ్డాడు. నేను వెళ్ళి చెయ్యందించాను.

"పదకొండుసార్లు పిలిచావా బావా?"

"ఏది మనదో నాకు తెలియదు కదరా" అన్నాడు, నా చెయ్యి పట్టుకుని లేస్తూ. "పైనున్న ఆయనకైతే ఒక్కసారి చాలు."