పెద్దనాయన ఎత్తుకుపోయిన మా మేక

మా చిన్నప్పుడు... మా కొట్టంలో కర్రోడనే ఎద్దు, దాన్ని ఆనుకుని బుడ్డి అనే మేక పడుకునేవి. దూడగా ఉన్నప్పటి నుంచీ అంతే. బుడ్డి పక్కన లేకపోతే కర్రోడు కుడితి తొట్టిలో మూతి పెట్టేవాడు కాదు.

మాది రాజోలి దగ్గర చిన్న ఊరు. జాతరకు బండలాగుడు పోటీలు పెట్టేవాళ్లు... పెట్టిన సమయంలో ఎవరి ఎద్దుల జత బండను ఎక్కువ దూరం లాగితే వాళ్లది గెలుపు. ఎప్పుడూ గెలిచేది మా నాయనకు అన్న వరసయ్యే పెద్దనాయనే. ఆ ఏడు కర్రోడి మెడ చూసి ఆయనకు గుబులు పట్టుకుంది.

జాతర దగ్గర పడ్డాక బుడ్డి మాయమైంది...

కర్రోడు గడ్డి ముట్టలేదు. రాత్రీ పగలూ గుంజ చుట్టూ తిరుగుడే. పక్కటెముకలు తేలాయి.

పెద్దనాయన మా వాకిట్లో కూర్చుని చాయ్ తాగుతూ అన్నాడు... "తోడేలు ఎత్కపోయుంటది తియ్. మేక కోసం గింత పరేషానా? ఈ ఎద్దు ఇంక పనికిరాదు తమ్మీ, సంతకు తోల్కపో."

మా నాయన తల వంచుకున్నాడు. "జాతరల నిలబడకుంటే గట్లనే చేస్త అన్నా."

నాకు అన్నం సయించలేదు.

జాతర నాడు కర్రోడు జతెద్దుతో కలిసి కొంచెం దూరం లాగి మోకాళ్ల మీద కూలబడ్డాడు. "మేకను పిలువుండ్రిరా, అదొచ్చి లాగుతది!" అని పెద్దనాయన అందరినీ నవ్వించాడు.

నేను ఏడ్చుకుంటూ పొలాల దారిన ఇంటికి బయలుదేరాను. పెద్దనాయన తన ఎద్దులను పొలం దగ్గరి కొట్టంలోనే కట్టేసేవాడు. దాని ముందుకు రాగానే... మే... మే...

తడిక తోసి చూస్తే బుడ్డి! ఆయన పెద్ద ఎద్దును కట్టే గుంజకే కట్టేసి ఉంది. ఎద్దు నాకి నాకి దాని వీపు మీద వెంట్రుకలన్నీ ఒకవైపుకు అంటుకుపోయాయి. దాచడానికి ఆ మహానుభావుడికి తన ఎద్దు పక్కన తప్ప చోటే దొరకలేదు!

నా ఏడుపు ఆగిపోయింది. నాయనకు చెప్తే "పోనియ్ బిడ్డా" అంటాడు. నాకు మాత్రం పోనివ్వబుద్ధి కాలేదు.

తాడు పట్టుకుని వెనక్కి పరుగెత్తాను. అప్పుడే పెద్దనాయన జత బండ లాగుతోంది. గుంపు సందులోంచి ముందుకొచ్చి నిలబడ్డాను. బుడ్డి అరిచింది... అంతే. ఆ పెద్ద ఎద్దు ఆగి, కాడితో సహా మా వైపు తిరిగి, బుడ్డి వీపు నాకడం మొదలుపెట్టింది. చర్నాకోలతో కొట్టినా కదల్లేదు. సమయం అయిపోయింది.

"ఏందిరో, మీ తమ్ముని మేక నీ ఎద్దుకు ఎట్ల ఎరికైంది?" అని ఒక ముసలాయన అరిచాడు. జాతర జాతరంతా ఒకటే నవ్వు. నేను నవ్వలేదు. పెద్దనాయన ముఖాన్ని కళ్లారా చూస్తూ నిలబడ్డాను.

ఆ సాయంత్రం కర్రోడు తొట్టి ఖాళీ చేశాడు. సంత మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మొన్న వనపర్తిలో చదివే మా బావగారి కూతురు చెప్పింది... "చిన్నమ్మా, ఎవరన్న చిరాకు తెప్పిస్తే ఇంగ్లీషుల 'గాట్ మై గోట్' అంటరు. అంటే నా మేకను పట్కపోయిండు అని."

"మేకకూ చిరాకుకూ ఏం సంబంధం?" అన్నాను.

"ఎనుకట పందెం గుర్రం బెదరకుండ తోడుకు మేకను కట్టేటోళ్లంట. ఓర్వలేనోళ్లు ఆ మేకను ఎత్కపోతే గుర్రం ఆగమై ఓడిపోయేదంట. నిజమో కాదో తెల్వదు గాని గట్ల చెప్తరు."

పెద్ద చదువు లేని నాకు ఆ ఒక్క ఇంగ్లీషు మాట మాత్రం ఎవరూ ఇంకోసారి విడమరచి చెప్పక్కర్లేదు...

ఇప్పుడు మా పుట్టింటి కొట్టంలో ట్రాక్టర్ నిలబడుతోంది. దానికి తోడు అక్కర్లేదు. నాకేమో అత్తగారింట్లో నోరు విప్పని కోడలని పేరు. కానీ పెళ్లి బంతుల్లో పెద్దనాయన ఎదురుగా కూర్చుంటే ఒక్క మాట అడుగుతాను... "బాగున్నవా పెద్దనాయనా? మేకలు బాగున్నయా?"

ఆయన ఇప్పటికీ విననట్టే చేతులు కడుక్కోవడానికి లేచిపోతాడు.

మీ మేకను ఎవరు పట్టుకుపోయారు? ఊరికే వదిలేశారా... చెప్పండి.