చినిగిన జొన్న దోశలు

ఆ రోజుల్లో లోకంలో ఏ కష్టానికైనా ఫోనులో ఒక వీడియో ఉంటుందని, అది చివరిదాకా చూస్తే ఆ కష్టం తీరిపోతుందని నేను మనస్ఫూర్తిగా నమ్మేవాణ్ని. డిగ్రీ పూర్తయింది. పసుపు వ్యాపారి గోదాములో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం దొరికింది. వాడకట్టులో చదువుకున్నవాడన్న పేరు కూడా వచ్చేసరికి నడకలోనే కొంచెం తేడా వచ్చింది (ఆ తేడా నాకు తప్ప ఎవరికీ కనిపించలేదని తర్వాత తెలిసింది). నాన్న దుబాయిలో ఉండేవాడు. ఇంట్లో నేనూ అమ్మా. అమ్మ పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. ఆర్మూర్‌లో మా వైపు ఏ అరుగు మీద చూసినా ఇదే పని కాబట్టి అందులో చెప్పుకోవడానికి ఏమీ లేదు. చెప్పుకోవలసింది అమ్మ ఎడమ కాలి చిటికెన వేలి గురించి.

ఆ వేలికి చెప్పు ఒరుసుకుని చిన్న పుండు పడింది. పడిందే గాని మానలేదు. అమ్మ దాని మీద పసుపు అద్దింది (పసుపు ఊళ్లో పుట్టినవాళ్లం, మాకు మొదటి డాక్టరు అదే), ఎవరో చెప్పిన ఆకు పసరు పోసింది, చివరికి నా పోరు పడలేక డాక్టరు దగ్గరికి వచ్చింది. ఆయన రక్త పరీక్ష చేయించి, కాగితం చూసి, అమ్మ వంక కాకుండా నా వంక చూశాడు. షుగర్ ఎప్పటినుంచో ఉందట, మేం చూసుకోలేదట. గోళీలు రాశాడు. అన్నం బాగా తగ్గించాలని, రాత్రిపూట అసలే ముట్టొద్దని, జొన్నలూ సజ్జలూ పొట్టుతో సహా తినాలని చెప్పాడు. షుగర్ దిగితే పుండు మానుతుంది, దిగకపోతే వేలు తీసేయాల్సి వస్తుంది, అది ఒక్క వేలితో ఆగుతుందని మాత్రం మాట ఇవ్వలేనన్నాడు. నెల తర్వాత మళ్లీ రమ్మన్నాడు. నేను చీటీ మడిచి జేబులో భద్రంగా పెట్టుకున్నాను. అమ్మ మాత్రం బండి ఎక్కుతూ, ఆయన అన్నం నిజంగానే వద్దన్నాడా లేక నేను కలిపి చెబుతున్నానా అని అడిగింది.

ఆ సాయంత్రం జొన్నల గొప్పతనం గురించి ఫోనులో దొరికినదంతా ఆమెకు చదివి వినిపించాను. పీచు పదార్థమన్నాను, బలమన్నాను, పట్నంలో డబ్బున్నవాళ్లు ఇప్పుడు ఇవే తింటున్నారన్నాను. అమ్మ చాట పక్కన పెట్టి నా మాట పూర్తిగా విన్నది. అట్లా వింటే నాకు ఎప్పుడూ భయమే.

"నీకు తెల్వది కొడుకా. మా అవ్వ పొద్దుగాల జొన్న గట్క పెడుతుండె, మాపటికి జొన్న రొట్టె. బువ్వ పండుగకే. కాలువ నీళ్లొచ్చి వరి పండినంక, మీ నాయిన దుబాయి పోయినంక, గిప్పుడు రెండు పూటలు తెల్లబువ్వ తింటున్న. గతి లేనప్పుడు తిన్నదాన్ని గతి ఉన్నంక మల్ల ఎట్ల తినాలెరా?"

దానికి ఏదైనా వీడియో ఉందేమోనని ఫోనులో వెతికాను. గట్క అంటే జొన్న రవ్వను ముద్దగా ఉడికించేది. ఆ పేరు చెప్పేటప్పుడే అమ్మ మొహంలో తన చిన్నతనమంతా కనిపించింది. రాత్రంతా ఆలోచించి నేనొక గొప్ప ఉపాయం కనిపెట్టాను. జొన్నను గట్కగానో రొట్టెగానో పెడితేగదా ఆమెకు పాత రోజులు గుర్తొచ్చేది, దోశగా పెడితే? నాన్న సెలవు మీద వచ్చినప్పుడల్లా బస్టాండ్ దగ్గరి హోటల్లో మేం దోశ తినేవాళ్లం. అమ్మ దృష్టిలో దోశంటే కలిగినవాళ్ల తిండి. జొన్నకు దోశ వేషం వేస్తే అమ్మకూ గౌరవం, వేలికీ క్షేమం. ఇంత తెలివి నాకు పరీక్షల్లో ఎందుకు రాలేదా అని కూడా అనుకున్నాను.

వీడియోలో ఆమె నవ్వుతూ గరిటెతో పిండి పోసింది, గుండ్రంగా తిప్పింది, అంచు పట్టుకుని లాగితే దోశ పెనాన్ని వదిలి తనే లేచి వచ్చింది. నేనూ అట్లాగే జొన్నలూ కొన్ని మినుములూ నానబెట్టాను, మిక్సీలో వేశాను, మిక్సీ ఏడ్చింది, పొగ వచ్చింది, ఎట్లాగో పిండి అయింది. పెనం మీద పోసి గుండ్రంగా తిప్పబోతే పిండి గరిటెకు అంటుకుని నాతోపాటే తిరిగి వచ్చింది. మిగిలింది పెనాన్ని పట్టుకుని ఇక వదలనంది. అట్లకాడతో గీకితే పొట్టు పొట్టుగా లేచింది. మరునాడు నీళ్లు ఎక్కువ పోస్తే బొక్కలు పడ్డాయి. ఆ మరునాడు తక్కువ పోస్తే లోపల పచ్చి, బయట మాడు. నూనె ఎక్కువ పోస్తే డాక్టరు గుర్తొచ్చేవాడు, తక్కువ పోస్తే పెనం గుర్తొచ్చేది. గోదాము నుంచి వచ్చి చొక్కా కూడా విప్పకుండా పొయ్యి ముందు నిలబడి, ఒకటైనా చినగకుండా రావాలని దేవుణ్ని వేడుకునేవాణ్ని. పక్కింటి కళ్లద్దాల చిన్నమ్మ గోడ మీది నుంచి తొంగి చూసి, రోజూ ఈ వేళకు మీ ఇంట్లో గోడల సున్నం గీకుతున్నారా అని అడిగేది. అమ్మ ముక్కలన్నీ కంచంలో వేసుకుని బయటి అరుగు మీదికి పోయేది, నేను పొయ్యి ఆర్పేసరికి ఖాళీ కంచం కడిగి పెట్టేది. ఆ ఖాళీ కంచం చూసినప్పుడే నాకు కాస్త ఊపిరి ఆడేది.

మిక్సీ ప్రాణం విడిచాక జొన్నలు పిండి పట్టించడానికి గిర్నీకి తీసుకుపోయాను. అప్పుడు పసుపు ఉడకబెట్టి ఎండబెట్టడం అయిపోయిన కాలం. ఊరు ఊరంతా ఏడాదికి సరిపడా పసుపు పట్టించుకునే రోజులు. గిర్నీ ముందు ఆడవాళ్లు డబ్బాలు వరసగా పెట్టుకుని కూర్చున్నారు. ఒకామె పసుపు పట్టించుకుని పోయింది. తర్వాతి ఆమె వంతు రాగానే ఆమె లేవలేదు, నువ్వు పో అక్కా అని పక్కామెకు చెప్పింది. పక్కామె, లేదు నువ్వే పో అన్నది. అట్లా వరస మొత్తం ఒకరికొకరు మర్యాద చేసుకుంటుంటే, మా ఊళ్లో ఇంత సంస్కారం ఉందా అని నాకు గుండె నిండిపోయింది. నేను పోవచ్చా అని అడిగితే అందరూ ఒకేసారి పొమ్మన్నారు. గిర్నీవాడు జొన్నల వైపూ నా వైపూ చూసి, పొయ్యాల్నా అని అడిగాడు. చదువుకున్నవాడి ధీమాతో పొయ్యమన్నాను. పసుపు పట్టిన రాయి మీద మొదట పడే గింజ ఎవరిదైతే, మిగిలిన పసుపంతా వాళ్లదేనని నాకు తప్ప ఆ వరసలో కూర్చున్న అందరికీ తెలుసు. నా డబ్బాలోకి బంగారం రంగు పిండి దిగుతుంటే వెనక ఆడవాళ్లు లేచి తమ డబ్బాలు సర్దుకున్నారు.

అంత పిండి పారబోయడానికి మనసు రాలేదు. అదంతా అయిపోయేదాకా మా ఇంట్లో పచ్చటి చేదు దోశలే. అమ్మ వేళ్లన్నీ పచ్చబడ్డాయి. బీడీలు చుట్టేచోట కళ్లద్దాల చిన్నమ్మ ఆ చేతులు చూసి, మా బావ దుబాయిల ఉండంగనే మల్ల పెండ్లికూతురువైనవా ఏందక్కా అన్నదట, అరుగంతా నవ్విందట. అమ్మ ఆ సంగతి చెబుతూ ఆ నెలలో మొదటిసారి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. శుక్రవారం నాన్న ఫోను చేసి, తానక్కడ ఏండ్లకేండ్లు ఎండు రొట్టెలు నములుతూ బువ్వ కోసం కలవరిస్తుంటే, ఇక్కడ కంచంలో ఉన్న బువ్వను నేను లాక్కుంటున్నానని తిట్టాడు. వేలి సంగతి ఆయనకు పూర్తిగా చెప్పలేదు. చెప్పొద్దని అమ్మ ఒట్టు వేయించుకుంది. ఆ వేలు మాత్రం రోజురోజుకూ నల్లబడుతోంది. కట్టు మార్చేటప్పుడు ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం కాదు.

నెల తిరిగి పరీక్ష చేయిస్తే షుగర్ ఇంకా పెరిగింది. ఏం పెడుతున్నావని డాక్టరు అడిగితే, జొన్న దోశలన్నాను. అబద్ధం చెబుతున్నానన్నట్టు చూశాడాయన. నిజామాబాద్ పోయి వేలు తీయించుకోవాలని, ఇక ఆలస్యం చేయొద్దని అన్నాడు. దారిలో బండి పక్కకు ఆపాను. ఎట్లా పెరిగిందమ్మా అని అడిగాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, తిట్టు తినడానికి సిద్ధపడిన పిల్లలా తల వంచుకుంది.

"నీ మొకం జూసి నీ దోశలు తిన్న. నా పానం కోసం చిన్నమ్మ ఇంట్ల ఇంత బువ్వ తిన్న. ఏం జెయ్యాల్రా, ఆకలైతది."

నాకు కోపం రావాలి. రాలేదు. చిన్నమ్మ మీదా రాలేదు, ఆకలితో ఉన్న మనిషికి అన్నం పెట్టింది పాపం, అంతేగదా. వేలు తీసే రోజు దవాఖాన వసారాలో ఇనుప బల్ల మీద కూర్చుని నేను ఏడ్చాను. నలుగురూ చూస్తున్నారని కూడా అనిపించలేదు. మనిషన్నవాడు తినగలిగే దోశ ఒక్కటి పోయడం నాకు వచ్చి ఉంటే మా అమ్మ వేలు మా అమ్మకు ఉండేది. అంత చదువూ చదివి, అన్ని వీడియోలూ చూసి, చివరికి కొట్లాటలో పెనమే గెలిచింది. ఇదే లెక్క మళ్లీ మళ్లీ వేసుకుంటూ ఉండిపోయాను.

మరునాడు దవాఖానవాళ్లు అమ్మకు భోజనం పంపారు. మూత తీస్తే తెల్లటి అన్నం, పప్పు, ఆవిర్లు వస్తున్నాయి. అమ్మ ఆ అన్నం వంక చూసింది, తర్వాత నా వంక చూసింది. ఆ చూపులో గెలుపు ఉందా అంటే ఉంది. నేను పరుగున పోయి నర్సుతో పోట్లాడాను. అందరికీ ఒకటే వండుతారు, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఎక్కడ వండాలి అన్నదామె. తిరిగి వచ్చేసరికి అమ్మ రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరిపింది. నిన్న వసారాలో నా ఏడుపు లోపలికి వినిపించిందట.

"ఇంటికి పోయి గా దోశ తే. చినిగింది తే, మాడింది తే, ఏదన్న తే. ఇంకో వేలు పోతే నువ్వు గిట్లనే ఏడుస్తవు, నేను సూడలేను."

బస్సెక్కి ఆర్మూర్ వచ్చి, దోశలు పోసి, చినిగిన ముక్కలు డబ్బాలో పెట్టుకుని మళ్లీ బస్సెక్కాను. నా ఎదుటే కూర్చుని, కళ్లు మూసుకుని, మందు మింగినట్టు ఒక్కో ముక్కా తిన్నదామె. ఎట్లా ఉందని అడిగే ధైర్యం నాకు లేదు, చెప్పకుండా ఉండే దయ ఆమెకు ఉంది. షుగర్ మెల్లగా దిగింది, గాయం మానింది, తర్వాత ఏ వేలూ పోలేదు. ఎడమ చెప్పు కొంచెం వదులైందని మాత్రం ఇప్పటికీ సణుగుతుంది.

ఇన్నేళ్లలో నాకు చెయ్యి తిరిగింది. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, అయినా అమ్మ దోశ నేనే పోస్తాను. జొన్న దోశ ఇప్పుడు పెనం మీద పున్నమి చంద్రుడిలా వస్తుంది (నా భార్యను అడగండి, ఈ ఒక్క విషయంలో నన్ను మెచ్చుకుంటుంది). మొన్న ఒక సాయంత్రం అట్లాంటిదొకటి కంచంలో వేస్తే అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గప్పటివే మంచిగుండెరా అన్నది. ఆ నెలంతా నేను పడ్డ కష్టం ఇన్నాళ్లకు ఆమె గుర్తు చేసుకుంటోందనుకుని, పక్కన కూర్చుని, ఆ చినిగినవా అమ్మా అన్నాను.

"ఆఁ. చినిగినయి ఎన్ని తిన్ననో ఎన్ని చిన్నమ్మ కోళ్లకేసిననో నీకు తెల్వకపోయేది. గిది గుండ్రంగుంది, ఎట్ల ఎగ్గొట్టాలె?"

నా మొకం చూసి తిన్నానంటివి గదా అని అడిగాను. రెండో మూడో తిన్నదట. మిగిలినవి కోళ్లు నా మొకం చూసి తిన్నాయట. నేను గట్టిగా నవ్వాను. పెనం గీకుతూ, ఖాళీ కంచం చూసి మురిసిపోయి, అమ్మను కాపాడుతున్నాననుకున్న ఆ కుర్రవాడు ఈ మాట వింటే మళ్లీ వెక్కి వెక్కి ఏడ్చేవాడు పాపం. నవ్వయ్యాక పీట దగ్గరికి జరుపుకుని, అమ్మ ఆ దోశ చివరి ముక్క మింగేదాకా అక్కడే కూర్చున్నాను.