కమురు వాసన

అన్న నడిపే టాక్సీలో నాలుగు రోజులుగా ఏదో కాలుతున్న వాసన వస్తోంది. బండి మాది కాదు, నాగ్‌పాడాలో ఉండే ఒక ముసలి సేఠ్‌ది. ఆయన ముందురోజు తానే వెనక సీట్లో కూర్చుని దాదర్ దాకా వెళ్లివచ్చి, దిగుతూ ఒక్క మాట అన్నాడు. రేపు సాయంత్రానికి వాసన పోవాలి, లేదంటే తాళం ఇచ్చెయ్.

మిల్లులు మూతపడిన రోజులవి. ఆ తాళం కోసం మేముండే వరసగదుల చాల్‌లోనే ముగ్గురు కాచుకొని ఉన్నారు. అది పోతే అన్న మళ్లీ నాన్న వెంట కట్టడాల మీదికి పోవాల్సిందే. నాన్న తాపీమేస్త్రి. జన్మలో ఇక తాపీ ముట్టనని చెప్పి అన్న ఆ పని మానేశాడు.

తెల్లారగానే నాగ్‌పాడాలో మెకానిక్ దగ్గరికి వెళ్లాం. అతను బానెట్ ఎత్తి, "క్యా జల్‌తా హై?" అన్నాడు. అన్న, "కుఛ్ తో జల్‌తా హై," అన్నాడు. ఏదో కాలుతోంది. ఈ ప్రశ్నతో, ఈ జవాబుతో సగం పూట గడిచింది. లైట్ల వైర్లు, హారన్ వైర్లు అన్నీ ఊడదీసి ఒక్కొక్కటీ వాసన చూశాడు. ఏమీ లేదు. అక్కడ నిలబెట్టి ఎంతసేపు ఇంజన్ నడిపినా వాసన రాలేదు. "నన్ను చూసి సిగ్గుపడుతున్నట్టుంది," అని హిందీలో నవ్వి బానెట్ మూసేశాడు. చాలాసేపు తిరిగి, రద్దీలో ఆగినప్పుడే వస్తుందని మేం చెబితే, ఒకరు వెనక కూర్చుని అద్దాలు మూసుకుని ఎటునుంచి వస్తుందో కనిపెట్టండని పంపించాడు.

ఆ ఏడు నేను పని వెతుక్కుంటూ ఇంట్లోనే ఉన్నాను కాబట్టి కూర్చోవడం నా వంతయింది. ఆ బండి వెనక తలుపులు బయటినుంచే తెరుచుకునేవి. అద్దాలు దించే పిడి ఎవరో విరగ్గొడితే అన్న దాన్ని ముందు పెట్టెలో దాచాడు. ఫోరస్ రోడ్ మీద ఇనుప చువ్వల తోపుడుబండి ఒకటి అడ్డం తిరిగింది. ముందు లారీ, వెనక లారీ, రెండు పక్కలా బండ్లు. ఎండ నడినెత్తిన ఉంది. అప్పుడు వచ్చింది వాసన, మెల్లగా, సీటు కిందినుంచో వీపు వెనకనుంచో తెలియకుండా. కళ్లు మండాయి. గొంతులో జిడ్డు పట్టినట్టయింది.

"అన్నా, తలుపు తియ్యే!"

"ఎటుకెల్లి వస్తుందో ముందు చెప్పు."

"ఎటుకెల్లి ఏంది, అంతట్ల ఉంది!"

"మరి నిన్నెందుకు కూసోబెట్టిన్రా? ముక్కు ఇంటికాడ పెట్టొచ్చినవా?"

తీద్దామన్నా తీయడానికి వీల్లేదు. తలుపును ఆనుకుని చువ్వలున్నాయి. రుమాలు మొహానికి అదుముకుని, వేళ్లతో అద్దాన్ని కిందికి లాగుతూ, నేను లోపలే ఉన్నాను. రోడ్డు కదిలేసరికి చొక్కా మొత్తం తడిసిపోయింది. కనిపెట్టింది మాత్రం ఏమీ లేదు.

చాల్ ముందు ఆపేసరికి అమ్మ నల్లా దగ్గర బిందె కడుగుతోంది. బండి ఇంకా వేడిగానే ఉంది. "అమ్మా, జర వచ్చి కూసో. నీ ముక్కుకు దొరుకుతది," అన్నాడు అన్న. అమ్మ ఏనాడూ ఆ టాక్సీ ఎక్కలేదు. వద్దు వద్దంటూనే కొంగు దగ్గరికి లాక్కుని కూర్చుంది. నేను బయటినుంచి తలుపు వేసి, ముందుకు వెళ్లి అన్న పక్కన కూర్చున్నాను. గల్లీ ఒక చుట్టు తిరిగామో లేదో, అమ్మ అంది:

"ఇది మాడు వాసన గాదు కొడుకా. కమురు."

నాలుగు రోజులుగా మేమిద్దరం ఇంట్లో కూడా 'జల్‌తాంది' అనే అనుకున్నాం. అన్నం అడుగంటితే మాడు. వెంట్రుకో ఉన్నిపోగో పొయ్యిలో పడితే కమురు. ఈ రెండు మాటలూ మాకు తెలిసినవే. కానీ ఇక్కడ పదిమందితో మాట్లాడే హిందీలో రెండింటికీ మాట ఒక్కటే కావడంతో, ముక్కుకు కూడా అదే సరిపోయింది.

"కార్ల ఎంటికలెక్కడియే?" అన్నాడు అన్న.

అమ్మ పిడి కోసం తలుపంతా తడిమింది.

"తలుపు తియ్యి బిడ్డా."

"ఎందుకు?"

"తియ్యరాదు, ఊపిరాడ్తలేదు!"

"ముందు చెప్పు, తీస్త."

అమ్మ మూసిన అద్దం వైపు చూస్తూ చెప్పింది. "దిష్టి కట్టిన."

తన బండికి నిమ్మకాయలూ మిరపకాయలూ వేలాడకూడదని సేఠ్ మొదటిరోజే చెప్పాడు. అన్న ఇంట్లో ఆ మాట పదిసార్లు చెప్పాడు. అందుకని అమ్మ అమావాస్య పొద్దున, ఊరినుంచి తెచ్చుకున్న నల్ల గొంగడి అంచు చింపి, తన వెంట్రుకలు కలిపి పేని, ఎవరికీ కనపడకుండా బండి కింద కట్టింది.

"కిందనా? దేనికి?"

"ఇనుప గొట్టముంటది గదా. పొద్దుగాల పట్టుకుంటే సల్లగనే ఉండె."

"అది సైలెన్సర్ గొట్టమే తల్లీ!"

"దాని పేరు నాకేమెర్క? నిమ్మకాయైతే కట్టలే గదా!"

అన్న బండి ఆపి స్టీరింగ్ మీద తల ఆనించాడు. తర్వాత దిగి, అమ్మకు తలుపు తీశాడు.

గొట్టం చల్లారాక గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరాడు. ఉన్ని కాలి తారులా అంటుకుపోయింది. స్క్రూడ్రైవర్‌కు రాలేదు, కత్తికి రాలేదు. "నాన్న సంచి తేపో," అన్నాడు కిందినుంచి. తాపీ అంచుతో గీకితే పెచ్చులుగా ఊడింది. ఆ తాపీని అన్న చేతిలో చూడటం నాకు ఏడాది తర్వాత అదే మొదలు. మిగిలిన మసి కాలిపోయేదాకా బండిని తిప్పుకొచ్చాడు.

సాయంత్రం సేఠ్ వచ్చాడు. అద్దాలు మూయించి, వెనక కూర్చుని, ఫోరస్ రోడ్ రద్దీలోకే పొమ్మన్నాడు. అమ్మ, నేను వరండాలో నిలబడ్డాం. అమ్మ కటకటాల చువ్వను వదల్లేదు. తిరిగి వచ్చాక అన్న చుట్టూ నడిచివచ్చి ఆయనకు తలుపు తీశాడు. ఏమైందని సేఠ్ అడిగితే, గుడ్డ ఒకటి ఇరుక్కుందని చెప్పాడు. సేఠ్ తల ఊపి, తాళం అడక్కుండానే నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

మరునాడు అన్న చెప్పులు వేసుకుంటుంటే చూశాను. కుడి మడమ పైన నల్ల గొంగడి దారం.

"ఇదేందమ్మా మళ్ల?" అన్నాను.

"సేఠ్ బండికి గదా వద్దన్నది. నా కొడుక్కు కట్టద్దన్నడా?"

అన్న కిందికి దిగి, సీట్లో కూర్చుని, ఒకసారి గట్టిగా గాలి పీల్చి చూసి, తాళం తిప్పాడు.