పక్క సీటావిడ అడిగిన పేరు

బొల్లారం నుంచి సికింద్రాబాద్ వెళ్లే బస్సు ఆ రోజు ప్యాట్నీ సెంటర్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగిపోయింది. నా ఒళ్లో ఐస్ డబ్బా, అందులో మా చెల్లి రక్తం. పన్నెండింటిలోపు ల్యాబుకి చేరకపోతే పనికిరాదన్నారు. నేను సీట్లో నిలవలేక లేస్తున్నాను, కూర్చుంటున్నాను, కిటికీలోంచి తొంగిచూస్తున్నాను.

"జెర నిమ్మళంగ కూసో తమ్మీ. గా డబ్బాల ఏముంది?" అంది పక్క సీట్లోని నడివయసావిడ.

చెప్పాను.

"ఏం బీమారి?"

"టి సెల్ లుకేమియా. రక్తం క్యాన్సర్‌లో అరుదైన రకమట. చాలా తొందరగా ముదురుతుందట." ఇంట్లో పైకి అనలేని మాటలు ఆమెతో గబగబా అనేశాను.

"పేరేంది?"

"అదే, టి సెల్..."

"బీమారిది కాదు తమ్మీ. నీ చెల్లెది."

"గ్రేస్," అన్నాను.

ఆవిడ నా చేతుల్లోంచి డబ్బా తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. "ఏం గాదు గ్రేసమ్మా," అని డబ్బాతోనే మెల్లగా అంది. స్టేషన్ వచ్చేదాకా రెండు చేతులూ దాని మీంచి తీయలేదు.

రక్తం టైముకి చేరింది. చెల్లి మాత్రం నాలుగు నెలలకు మించి బతకలేదు. ఆ నాలుగు నెలల్లోనే ఒకరోజు ఆస్పత్రిలో తనకి ఈ సంగతి చెబితే, చాలా రోజుల తర్వాత నవ్వింది.

"ఆవిడ పేరేంటన్నయ్యా?" అంది.

నేను అడగనే లేదు.