మల్టీమీటరుకు బొట్టు

మా కొల్లేటి పక్క మగవాళ్లకు కరెంటంటే భయం లేదు. కరెంటుకే తామంటే మొహమాటమని వాళ్ల నమ్మకం. తీగలో కరెంటు ఉందో లేదో చూడాలంటే చేతిని తిరగేసి, వేళ్ల వెనక వైపుతో అలా తాకి చూస్తారు. అరచేత్తో ముట్టుకుంటే వేళ్లు ముడుచుకుపోయి తీగను వదలవట. వెనక వైపుతో తాకితే చెయ్యి దానంతటదే విదిలించుకుని వచ్చేస్తుందట. ఇంత శాస్త్రం తెలిసిన మహానుభావులకు, అసలు తాకకుండా ఉండటమనే పద్ధతి కూడా ఒకటుందని మాత్రం తట్టదు.

మా ఆయన ఈ విద్యలో ఆరితేరినవారు. కైకలూరు అవతల మాకు రొయ్యల చెరువులున్నాయి. రొయ్యలకు గాలి అందాలంటే నీళ్లలో చక్రాలు తిరుగుతుండాలి. వాటినే ఏరేటర్లంటారు. చెరువు మధ్యలో తేలే ఆ మోటార్లకు గట్టు మీంచి తీగలు వెళ్తాయి. అంటే నీళ్లు, కరెంటు, మా ఆయన, ముగ్గురూ పగలల్లా ఒకే చోట కాపురం ఉంటారు. ఇంటికొచ్చేది భోజనానికే.

నేను పెళ్లికి ముందు తాడేపల్లిగూడెంలో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివాను. ఆ సర్టిఫికెట్టుకు అత్తవారింట్లో ఫ్రేము కట్టించి మరీ హాల్లో తగిలించారు. చదువంటే అంత గౌరవమా అని మురిసిపోయాను కొన్నాళ్లు. ఓసారి వెల్లవేయడానికి దాన్ని దింపితే వెనక నెమ్ము మరక కనిపించింది, సరిగ్గా ఫ్రేమంతే ఉంది. చుట్టాలొస్తే "మా కోడలు కరెంటు చదివిందండీ" అని అత్తయ్యగారు గొప్పగా చెప్పేవారు. ఇంట్లో ఫ్యూజు పోతే మాత్రం, "నువ్వు పక్కకు జరగమ్మాయ్, షాకు కొడుతుంది" అనేవారు.

ఇలా నవ్వుకుంటూ రోజులు గడిచిపోయేవే. కానీ ఒక వానాకాలం మా పక్క చెరువు రైతు పోయాడు. ఏరేటరు ఆగిపోతే నీళ్లలోకి దిగి తీగ తాకి చూశాడు. చేతి వెనక వైపుతోనే తాకాడు. విదిలించుకుని రావాల్సిన చెయ్యి రాలేదు. పలకరించడానికి వెళ్తే, వచ్చిన ప్రతివాళ్లకూ ఆయన భార్య ఒకే మాట చెబుతోంది. "స్విచ్చు ఆపే దిగారండీ. నేను చూశానండీ, ఆపే దిగారు." పాపం, దిగులులో ఏదో అంటోందని అందరూ తలలూపారు. నేనూ ఊపాను. ఇంటికొచ్చి అన్నానికి కూర్చున్నాం. ఎదురుగా కూర్చుని చేపల పులుసు కలుపుకుంటున్న మా ఆయన చేతినే చూస్తూ ఉండిపోయాను.

ఆ వారమే ఏలూరు వెళ్లి, కరెంటు కొలిచే డిజిటల్ మల్టీమీటరు కొన్నాను. కొట్టాయన దాన్ని తీయడానికి ముందే, "బాబు ప్రాజెక్టుకాండీ?" అన్నాడు.

"నాకేనండీ."

"మీకైతే టెస్టరు చాలండీ. ఇది లేడీసుకి కొంచెం కన్ఫ్యూజనండీ."

మీటరుతో పాటొచ్చే రెండు తీగల తొడుగు ఎక్కడైనా చీలిందేమోనని వంచి చూశాను. వాటి చివర సూదుల్లాంటి మొనల దగ్గర వేలు జారకుండా అడ్డు ఉందో లేదో చూశాను. నాకు కన్ఫ్యూజన్ లేదని తేలాక ఆయనకు మొదలైంది. ప్యాక్ చేసి ఇచ్చాడు.

ఇంట్లో దాని ప్రవేశం కోతికి కొబ్బరికాయ దొరికినట్టే జరిగింది. నల్ల తీగ ఎక్కడ పెట్టాలి, ఎర్ర తీగ ఎక్కడ పెట్టాలి, ఓల్టేజీకి డయలు ఎటు తిప్పాలి అని నేను చెబుతుండగానే మా ఆయన, "ఆఁ ఆఁ, తెలిసిందిలే" అన్నారు. ఏం తెలిసిందో మర్నాడు తేలింది. డయలును ఓమ్స్ మీదకు తిప్పి, కరెంటున్న సాకెట్టులో రెండు మొనలూ దూర్చారు. టప్‌మంది. కాలిన వాసనొచ్చింది.

"రెసిస్టెన్సు చూద్దామనుకున్నానే" అన్నారు, కమిలిపోయిన మీటరును వాసన చూస్తూ.

"కరెంటు ఉన్నచోట రెసిస్టెన్సు చూడకూడదండీ. ఆపేసి చూడాలి."

"ముందు చెప్పాలి కదా మరి!"

మళ్లీ ఏలూరు వెళ్లాను. రెండో మీటరు వచ్చాక ఇంట్లో మీటరు వేయని వస్తువు మిగల్లేదు. టార్చిలైటు సెల్లు, రిమోటు సెల్లు, మోటారుసైకిలు బ్యాటరీ అన్నీ అయ్యాయి. చివరికి మనుషుల మీద పడ్డారు. డయలు ఓమ్స్ మీద ఉంచి, రెండు మొనలూ రెండు చేతుల్లో పట్టుకుంటే ఒంటి రెసిస్టెన్సు ఎంతో చూపిస్తుంది. తనది చూసుకున్నారు, వాళ్లమ్మది చూశారు. అంట్లు తోముతున్న నన్ను పిలిచి నాది చూశారు. నాది వాళ్లిద్దరి కంటే బాగా తక్కువొచ్చింది.

"చూశావా అమ్మా, దీనికి తట్టుకునే శక్తి లేదు. అందుకే ఊరికే అరుస్తుంది."

"నా చేతులు తడిగా ఉన్నాయండీ. తడి చెయ్యి కరెంటును ఆపలేదు. తుడుచుకుని పట్టుకుంటే చూడండి" అని చీర కొంగుకు తుడుచుకుని పట్టుకున్నాను. అంకె ఒక్కసారి పైకి లేచింది. ఆయన నవ్వు ఆగింది. చెరువు గట్టు మీద తన చేతులూ కాళ్లూ ఎప్పుడూ ఎలా ఉంటాయో నేను మళ్లీ చెప్పక్కర్లేకపోయింది.

అప్పుడు అసలు పాఠం చెప్పాను. మా లాబ్‌లో మేడం మా చేత వల్లె వేయించిన పాఠం అది. మీటరు సున్నా చూపిస్తే తీగలో కరెంటు లేదని కాదు, మీటరు సున్నా చూపించిందని మాత్రమే. అందుకని ముందు కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి చూడాలి. తర్వాత అనుమానం ఉన్న తీగ మీద చూడాలి, తీగకూ ఎర్తుకూ మధ్య కూడా. ఆ తర్వాత మళ్లీ మొదటి చోటికే వచ్చి, మీటరు ఇంకా పనిచేస్తోందో లేదో చూడాలి. మొదట బతికున్నది, తర్వాత చచ్చినది, మళ్లీ బతికున్నది.

"పెళ్లిలో తలంబ్రాలు కూడా ఇన్నిసార్లు పోయలేదే" అన్నారు మా ఆయన. అయినా నేను చూస్తున్నప్పుడు చేసేవారు. చూడనప్పుడు ఏం చేసేవారో ఊహించడానికి డిప్లొమా అక్కర్లేదు. డయలును ఏసీ ఓల్టేజీ మీద పెట్టేసి, దాన్ని కదపొద్దని చెప్పాను. అదొక్కటీ బుద్ధిగా విన్నారు. చేతి వెనక వైపు పరీక్ష మానేశారు. ఇంతకాలానికి ఇంటికి కాస్త బుద్ధొచ్చిందని సంబరపడ్డాను.

అంతలో దసరా వచ్చింది. ఆయుధపూజకు అత్తయ్యగారు పీట వాల్చి, కొడవలి, పలుగు, స్పానర్లు, స్క్రూడ్రైవర్లు అన్నీ కడిగి పేర్చారు. మల్టీమీటరును కూడా కడగబోతుంటే పరుగెత్తుకెళ్లి ఆపాను. "సరేలే, తుడుస్తాలే" అని తడిగుడ్డతో తుడిచి, మిగతా ఆయుధాల పక్కన దానికీ స్థానం ఇచ్చారు. పసుపు రాశారు. డయలు మీద గుండ్రంగా పెద్ద కుంకుమ బొట్టు పెట్టారు. అంత అందమైన బొట్టు నా పెళ్లిలో నాకు కూడా పెట్టలేదు. పూజ చేసిన పనిముట్టును ఆ రోజంతా ఎవరూ ముట్టుకోకూడదు. ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున్నే మబ్బు పట్టింది. ఎండ లేని రోజు చెరువులో గాలి తక్కువవుతుంది. సరిగ్గా అప్పుడే ఒక ఏరేటరు ఆగిపోయింది. రొయ్యలు తల పైకెత్తి ఒడ్డుకొస్తున్నాయని ఫోనొస్తే, మా ఆయన పీట మీది మీటరు తీసుకుని టిఫిను కూడా తినకుండా పరుగెత్తారు. కాసేపటికి నేను ఇడ్లీలు పట్టుకుని వెళ్లాను.

గట్టు మీద తీగలన్నీ కలిసే జంక్షన్ బాక్సు మూత తీసి ఉంది. చెప్పులు బురదలో కూరుకుపోతాయని వాటిని ఒక పక్కన విడిచి, వట్టి కాళ్లతో బురదలో నిలబడి ఉన్నారు. మెయిన్ ఆపితే మిగతా ఏరేటర్లన్నీ ఆగిపోతాయి కాబట్టి ఈ ఒక్కదాని స్విచ్చే ఆపారు. మీటరు నల్ల మొన ఎర్తు కడ్డీకి ఆనించి, ఎర్ర మొన తీగలకు పెట్టి చూశారు. సున్నా. మీటరును బాక్సు మీద పెట్టి, లోపల ఊడిన తీగను పట్టుకోవడానికి వేళ్లు చాపారు.

"ఏవండీ, ఆగండి! మొదటిది చూశారా?"

"ఏ మొదటిది?"

"బతికున్నది."

"అక్కడ రొయ్యలు చచ్చిపోతుంటే బతికున్నదేంటే! జీరో చూపిస్తోందిగా, నీ మీటరే."

ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమనే రకం మనిషి. వాదిస్తే వినరని మీటరు లాక్కుని షెడ్డు వైపు నడిచాను. నన్ను తిట్టడానికైనా వెనకే వస్తారని తెలుసు. తిడుతూనే వచ్చారు. షెడ్డులో సాకెట్టుకు ఆయన ఫోను చార్జింగు ఎక్కుతోంది. చార్జరు పీకి, అదే సాకెట్టులో మొనలు పెట్టాను.

సున్నా.

"చూశావా, ఇక్కడా కరెంటు లేదు" అన్నారు.

"మరి ఇందాకటిదాకా మీ ఫోను దేనితో ఎక్కిందండీ, దైవభక్తితోనా?"

ఎండి అట్టకట్టిన కుంకుమను కొంగుతో తుడిచాను. దాని కింద బాణం గుర్తు బయటపడింది. అది ఏసీ మీద లేదు, బ్యాటరీల కరెంటు చూసే డీసీ మీద ఉంది. డీసీలో పెట్టి ఇంటి కరెంటును చూస్తే మీటరు సున్నా అనే అంటుంది. దాని తప్పేం లేదు, మనం అడిగినదానికి జవాబు చెప్పింది. బాణాన్ని మళ్లీ ఏసీ వైపు తిప్పి పెట్టాను. రెండు వందల పైచిలుకు అంకె వచ్చింది. మళ్లీ బాక్సు దగ్గరికెళ్లాం. ఆయన పట్టుకోబోయిన తీగ మీద నేనే చూశాను. అదే రెండు వందల పైచిలుకు. స్విచ్చు మాత్రం ఆపే ఉంది.

దాన్ని బిగించిన పెద్దమనిషి ఎవరోగానీ స్విచ్చును కరెంటు వచ్చే ఫేజు తీగకు కాక, అది తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగకు పెట్టాడు. అలా పెడితే స్విచ్చు ఆపగానే చక్రం బుద్ధిగా ఆగిపోతుంది. కరెంటు మాత్రం మోటారు దాకా, మనిషి చెయ్యి దాకా వచ్చి ఎదురుచూస్తూ ఉంటుంది.

"ఆపే దిగారండీ." ఆవిడ మాట అప్పుడు చెవిలో మోగింది. ఆవిడ దిగులులో ఏదో అనలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. మేమంతా తలలూపాం. ఆ గట్టు మీదే కూలబడ్డాను. నోరుంది కదా అని అందరినీ ఆడిపోసుకునే నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. మా ఆయన నా పక్కనే కూర్చుని, తన కుడిచేతిని వెనకా ముందూ తిప్పి చూసుకున్నారు. తర్వాత లేచి వెళ్లి, షెడ్డు లైను ఉంచి, ఏరేటర్ల మెయిన్ ఆపారు. ఈసారి నేను చెప్పకుండానే సాకెట్టు, తీగ, మళ్లీ సాకెట్టు చూసుకుని, తీగ బిగించారు. స్విచ్చులన్నీ ఆ వారంలోనే మార్పించాం. పక్క చెరువులో కూడా మార్పించాం, ఆవిడను అడిగి.

డయలు ఎలా తిరిగిందని ఇంటికొచ్చాక విచారణ జరిగింది. అత్తయ్యగారు ఏమీ దాచలేదు. "బాణం దక్షిణం వైపుందిరా. అమ్మవారి ముందు దక్షిణం మొహాన పెడతామా? తూర్పుకి తిప్పాను" అన్నారు. యముడి దిక్కు కదా అని భయపడి, కొడుకును ఆ యముడి గుమ్మం దాకా పంపారన్నమాట. ఈ మాట పైకి అనలేదు. ఆవిడ మొహం చూశాక అనబుద్ధి కాలేదు. రెండు రోజులు ఆవిడ సరిగా భోంచేయలేదు.

మా ఆయన మాత్రం వారానికి తేరుకుని, గణపవరం నుంచి ఉండి దాకా ఉన్న చుట్టాలందరికీ ఆ కథ చెప్పారు. ఆ కథలో అమ్మవారే నా రూపంలో వచ్చి ఆపింది. ఆ రూపం పట్టుకొచ్చిన ఇడ్లీలు చల్లారిపోయాయని కూడా చెప్పేవారు. పోన్లే, చెప్పడానికి మనిషున్నాడు అనుకునేదాన్ని.

మళ్లీ దసరా వచ్చింది. అత్తయ్యగారు పీట వాల్చి పనిముట్లు పేర్చారు. మీటరు దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది.

"అమ్మాయ్, దీనికి నువ్వే పెట్టు" అన్నారు.

దాన్ని తిరగేసి, వెనక మూత మీద చిన్న బొట్టు పెట్టాను. మళ్లీ వెల్లకిలా పెట్టి, డయలు ఏసీ మీద ఉందో లేదో చూసుకున్నాను. బాణం మళ్లీ దక్షిణానికే చూస్తోంది. అత్తయ్యగారు దాన్ని చూశారు. గుమ్మంలో నిలబడ్డ కొడుకును చూశారు. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని ముందుకు వంగారు.

ఆవిడ డయలును ముట్టుకోలేదు. పలుగుతో, స్పానర్లతో, పూలతో, దీపంతో సహా పీటనంతా రెండు చేతులా పట్టుకుని, బాణం తూర్పుకు వచ్చేదాకా మెల్లగా తిప్పారు.