కూర్మయ్య పట్టుబట్టిన బోలు గిటారు

రెండో ప్రపంచ యుద్ధం మొదలవడానికి ముందు సంవత్సరం, దసరా సెలవులు అవగానే, పలాస రైల్వే కాలనీ పాఠశాలలో సంగీతం టీచరుగా చేరాను. హోదా అసిస్టెంట్ మిస్ట్రెస్. అంటే హెడ్‌మిస్ట్రెస్ దొరసాని కింద, కుట్టుపని టీచరుకు పైన. బి.ఏ. చదివి, ఫిడేలు నేర్చుకున్నదాన్ని కావడంతో కాలనీలో పియానో శ్రుతి తప్పినా, చర్చి హార్మోనియం తిత్తి చిరిగినా నాకే కబురు వచ్చేది. బాబు పుట్టబోయే ముందు రాజీనామా చేసి, మావారి బదిలీతో టెక్కలి వచ్చేశాను. ఈమధ్య వాడికి పెద్ద జ్వరం వచ్చి తగ్గింది. వాడు పడుకున్నాక, నాకు నిద్ర రాక, ఇది రాస్తున్నాను.

చేరిన కొత్తలోనే నా మీద పడిన పని గిటారు ఎంపిక. కాలనీలో ఇన్‌స్టిట్యూట్ అనే హాలు ఉండేది. డ్రైవర్లూ గార్డులూ శనివారాలు కుటుంబాలతో వచ్చి అక్కడ జాజ్ సంగీతానికి నాట్యం చేసేవారు. బ్యాండు పెద్ద రొజారియో, మెయిల్ డ్రైవరు. డ్రైవర్లలో అది పై మెట్టు. శాక్సఫోన్ ఆయనది. గిటారు కూర్మయ్యది. కూర్మయ్య సోంపేట అవతల సముద్రపు ఒడ్డు పల్లెలో పుట్టినవాడు, లోకోషెడ్డులో బాయిలర్‌మేకరు. ఇంజను నిప్పుగూట్లోకి దూరి, వదులైన ఇనప మేకులను సుత్తితో కొట్టి బిగించడం అతని పని. ఇన్‌స్టిట్యూట్ సభ్యత్వానికి అతని గ్రేడు చాలదు. వేదిక మీద కూర్చుని వాయించడానికి మాత్రం ప్రత్యేక అనుమతి ఇచ్చారు.

జాజ్ బ్యాండులో గిటారు ముఖ్యమైన పని పాట పలికించడం కాదు, నడక నిలపడం. ప్రతి దెబ్బకీ మూడు నాలుగు స్వరాలను ఒక్కసారే మీటి, వెంటనే వేళ్లు సడలించి ఆపేయాలి. ఆ నడక కొంతకాలంగా కూర్మయ్య చేతిలో తప్పుతోంది. వేగం పెరిగితే వెనకబడుతున్నాడు. పాత గిటారు పొట్ట పగిలి అతుకులు పడిందని కొందరు, తాగి వస్తున్నాడని కొందరు అన్నారు. రొజారియో తేల్చి చెప్పాడు: కొత్తగా కరెంటు గిటారు కొందాం, అప్పుడు కూడా క్రిస్మస్ డాన్సులో నడక తప్పితే వాల్తేరు నుంచి బాంజో వాయించేవాణ్ణి పిలిపిస్తాను. కూర్మయ్య పదేళ్లుగా ఆ వేదిక మీద వాయిస్తున్నవాడు.

కలకత్తా దుకాణం నుంచి రెండు గిటార్లు, శబ్దం పెంచే పెట్టె ఒకటీ రైలులో వచ్చాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం ఖాళీ హాల్లో పరీక్ష పెట్టాం. మొదటిది ఒళ్లో అడ్డంగా పరుచుకుని, తీగల మీద ఇనపకడ్డీ జార్చి వాయించేది. అది నిండు చెక్క, లోపల ఖాళీ లేదు. రెండోది బోలు గిటారు. ఫిడేలుకు ఉన్నట్టే ఉబ్బెత్తు పొట్ట, దాని మీద అటూ ఇటూ రెండు వంపు రంధ్రాలు. రెండింటిలోనూ తీగల కింద అమర్చిన అయస్కాంతం వాటి కదలికను వైరు గుండా పెట్టెకు పంపుతుంది.

వాద్యం ఎంచేవాళ్లు కళ్లతో మొదలుపెడతారు. మెడ చివరి నుంచి ఒక కన్ను మూసి చూసి వంకర లేదని నిశ్చయించుకున్నాను. బోలుదాని పొట్ట మీద వేలి కణుపుతో తట్టాను. ఎక్కడా అతుకు వదిలిన చప్పుడు లేదు. తీగ సరిగ్గా మధ్యలో నొక్కితే వచ్చే స్వరమూ, అక్కడే ఊరికే తాకితే వచ్చే సన్నని స్వరమూ ఒకటయ్యాయి, అంటే శ్రుతి సరిగ్గా ఉంది. తర్వాత హాలు చివర నిలబడి రెండింటినీ విన్నాను. నిండు చెక్కది గోడలు దాటేలా మోగింది. బోలుది మెత్తగా, గుండ్రంగా పలికింది కాని, పెట్టె దగ్గరికి జరగగానే ఊళ పెట్టింది. పెట్టెలోంచి వచ్చిన శబ్దం మళ్లీ గిటారు పొట్టలో దూరి దాన్ని కదిలిస్తుంది. ఆ కదలిక వైరు గుండా తిరిగి పెట్టెకే పోతుంది. బోలు వాద్యానికి అది పుట్టుకతో వచ్చిన గుణం.

రొజారియో చెవులు మూసుకున్నాడు. "మిస్, ఇది గిటారా, నక్కా?" అన్నాడు.

కూర్మయ్య మాత్రం దాన్ని వదల్లేదు. "నాకిదే కావాల" అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పడు. రొమ్ముకు హత్తుకుని, మెడ వంచి, దవడను పైఅంచుకు ఆనించి, కళ్లు మూసుకుని వాయిస్తున్నాడు. అన్నం క్యారేజీ తెచ్చిన అతని భార్య నీలమ్మ, చంటిపిల్లను ఎత్తుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏటి మావా, దాన్నలాగ వాటేసుకున్నావు? నన్నెప్పుడైనా అలాగ వాటేసుకున్నావేటి?" అంది.

అందరం నవ్వాం. కూర్మయ్య నవ్వలేదు. వెనకనుంచి రొజారియో ఇక చాలన్నాడు. మళ్లీ గట్టిగా అన్నాడు. భుజం మీద చెయ్యి వేసేదాకా కూర్మయ్య ఆపలేదు. నడక మాత్రం ఒక్క దెబ్బ తప్పలేదు.

నేను నీలమ్మను వరండాలోకి తీసుకెళ్లి, కూర్మయ్యకు వినిపించడం లేదా అని అడిగాను. ముందు తల అడ్డంగా ఊపింది. తర్వాత గొంతు తగ్గించింది.

"సెవులైపోనాయి అమ్మగోరూ. ఆ నిప్పుగూట్లో సుత్తి దెబ్బలకే. ఎదురుగా నిలబడి మాటాడితే అందుకుంటాడు గాని ఎనకనుంచి పిలిస్తే నేదు. ఈ గుంటది ఏడిత్తే తెలదని రేతిరి గుండెల మీదేసుకుని తొంగుంటాడు. అలాగైతే తెలుస్తాదట."

ఇంతలో కూర్మయ్యే వచ్చాడు. మా ముఖాలు చూసి సంగతి గ్రహించాడు.

"సెప్పీసినావేటే?" అని భార్యను కసిరి, నా వైపు తిరిగాడు. "మా తాత తెడ్డు నీటిలోకి దించి, పిడి దవడకి ఆనించి, కిందన సేపల గుంపున్నాదో నేదో సెప్పీవోడమ్మా. నవ్వినోళ్లకి సేపలు పడీవి కావు. డ్రమ్ము నాకు కాళ్లకి తెలుస్తాది, బల్లల్లోంచి. నా వాయింపే నాకు తెలడం నేదు. ఈ బోలుది ఎముకల్లోకి వొచ్చెస్తాది. రొజారియో దొరకి సెప్పకండి. సెవిటోడికి బ్యాండేటని పంపించెస్తాడు."

నేను హాల్లోకి వెళ్లి రెండింటినీ ఒడిలోకి తీసుకున్నాను. నిండు చెక్కది తొడల మీద రాయిలా ఉంది. బోలుదాన్ని హత్తుకుని ఒక తీగ మీటితే ఆ స్వరం పక్కటెముకల్లో చాలాసేపు నిలిచింది.

రొజారియోకు నా వృత్తి కారణాలే చెప్పాను. అవీ నిజమే. ఇనపకడ్డీతో స్వరాలను సాగదీయవచ్చు గాని, జాజ్‌కు కావలసినట్టు వేళ్లతో నొక్కి తుంచలేం. నాట్యానికి కావలసింది అలా తుంచడమే. ఊళకు మందుంది: పెట్టెను దూరంగా జరిపి, వాయించేవాణ్ణి పక్కకు తిప్పి కూర్చోబెట్టి, రంధ్రాల్లో గుడ్డ కూరాలి. ఆయన గొణిగాడు, చివరికి ఒప్పుకున్నాడు.

గుడ్డ నీలమ్మ పాత కోకది. "నా కోక దాని కడుపులో ఎట్టినాడు. ఇంక నాకో కొత్తది ఎప్పుడు తెస్తాడో అడగండమ్మా" అని నాతో అంది.

క్రిస్మస్ డాన్సులో రొజారియో కావాలనే వేగం పెంచాడు. కూర్మయ్య పాదాలు బల్లల మీద చదునుగా ఆనించి, దవడ చెక్కకు తాకించి కూర్చున్నాడు. శాక్సఫోన్ పరిగెత్తింది, డ్రమ్ము తడబడింది. గిటారు నడక మాత్రం నిలబడింది. పాట అయ్యాక రొజారియో నా కుర్చీ దగ్గరికి వచ్చి, బాంజో మనిషి అక్కర్లేదని మాత్రం చెప్పి వెళ్లాడు. ఆయనకు అసలు సంగతి ఎప్పటికైనా తెలిసిందో లేదో నాకు తెలియదు.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, ఏ వాద్యం ఎంచినా హాలు చివర నిలబడి వినడాన్ని రెండో పరీక్ష చేసుకున్నాను. మొదట దాన్ని వాయించేవారి చేతికిచ్చి, వారికి అది ఎక్కడ వినిపిస్తోందో అడిగేదాన్ని. వాద్యం మంచిదా కాదా అన్నది ఆ జవాబు తర్వాతే తేలుతుంది.

జ్వరం తగ్గినప్పటి నుంచి బాబు చప్పుళ్లకు తల తిప్పడం లేదు. డాక్టరుగారు ఇంకొన్నాళ్లు ఆగి చూద్దామన్నారు. ఈలోగా నేను రోజూ వాణ్ణి గుండెకు ఆనించుకుని, మంద్ర స్థాయిలో ఒకే స్వరం పట్టుకుని పాడుతున్నాను. పాడుతుంటే కళ్లు మూసుకుంటున్నాడు. ఆపితే తెరుస్తున్నాడు.