పైపు వెంట వెనక్కి నడిచిన శామ్యూల్ రాజ్ గారు

"ఈ నీళ్ళ వల్లే మా బాబు నాకు దక్కడేమోనని భయంగా ఉందండీ."

మా ఆయనతో అనని మాట, మా అత్తగారితో అనని మాట, ఫిల్టరు బిగించడానికి వచ్చిన మనిషితో గుమ్మంలోనే అనేశాను. ఆయన భుజాన సంచి ఇంకా దించను కూడా లేదు.

అలాంటి మాట వింటే ఎవరైనా "ఊరుకోండమ్మా, అవేం మాటలు" అంటారు. ఆయన అనలేదు. సంచి కింద పెట్టి, చెప్పులు విప్పి, "బాబుకి ఎన్నో నెలండీ?" అని అడిగారు.

"పద్నాలుగు."

"ఎన్నిసార్లయింది?"

"నాలుగు నెలల్లో మూడుసార్లు వాంతులు, విరేచనాలు. రెండుసార్లు సెలైన్ పెట్టారు."

"సెలైన్ చేతికి పెట్టారా, కాలికా?"

ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. "మొదటిసారి చేతికి. రెండోసారి చేతికి నరం దొరక్క కాలికి పెట్టారు" అన్నాను. ఆయన తల ఊపారు. ఎందుకడిగారో మర్నాటికి గాని నాకు తెలియలేదు.

ఆయన పేరు శామ్యూల్ రాజ్. ఊరు నాగాయలంక. యాభై దాటి ఉంటాయి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో పనికొస్తారు, పని మొదలెట్టే ముందు దాన్ని విప్పి సంచిలో మడిచి పెట్టుకుని పాత టీషర్టు వేసుకుంటారు. దివిసీమ అంతా రొయ్యల రైతుల ఇళ్ళల్లో, పాస్టర్ల ఇళ్ళల్లో, బళ్ళల్లో ఆయన బిగించిన ఫిల్టర్లే. అక్కడ బోరు వేస్తే ఉప్పు నీళ్ళు పడతాయి కాబట్టి ఆర్.ఓ. మిషన్ లేని ఇల్లు తక్కువ. బందరు షాపుల వాళ్ళు తమ మెకానిక్కులు ఖాళీ లేనప్పుడు ఆయనకి ఫోన్ చేస్తారు. అవనిగడ్డ మీదుగా మొదటి బస్సుకి, సంచి ఒళ్ళో పెట్టుకుని వస్తారు.

ఇక నా సంగతి. బందరులో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మా బాబు లోహిత్‌కి మూడోసారి జబ్బు చేశాక మూడు వారాలు ఫిల్టర్ల గురించే చదివాను. ఏ మిషన్ ఏం వడగడుతుందో కాగితం మీద గళ్ళు గీసి రాసుకున్నాను. నీళ్ళల్లో ఉప్పు ఎంతుందో చూపించే టీడీఎస్ మీటరు కొని, కుళాయి నీళ్ళు, మేం కొనే టిన్ను నీళ్ళు, చివరికి కొబ్బరినీళ్ళు కూడా కొలిచాను. వాటన్నిటిలో ఖరీదైన ఆర్.ఓ. మిషన్ ఎంచాను. మా ఆయన గోపీనాథ్ ఉద్యోగం గుడివాడలో. అక్కడి షాపులో కొని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. అట్టపెట్టె హాల్లో ఉంది. దాన్ని గోడకి తగిలిస్తే నా భయం తీరుతుందని నమ్మాను.

శామ్యూల్ రాజ్ గారు ఆ పెట్టె వంక చూడనైనా లేదు.

"ముందు నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూద్దామండీ" అని వంటింటి కుళాయి మీద చెయ్యేశారు. అక్కణ్ణుంచి పైపు ఎటు వెళ్తే అటు వెళ్ళారు. గోడ వెంట, మెట్ల మీదుగా, డాబా మీద ట్యాంకు దాకా. మూత తీసి లోపలికి తొంగి చూసి, వాసన చూశారు. మళ్ళీ ఇంకో పైపు వెంట కిందికి దిగి గేటు దగ్గరికొచ్చారు. అక్కడ రేకు మూత కింద మోటరు ఉంది. మోటరు దగ్గర్నుంచి పైపు సైడు కాలువ అడుగున దూరి వీధి పైపుకి కలుస్తుంది. ఆయన కాలువ గట్టున గొంతుక్కూర్చుని చాలాసేపు ఆ నల్లటి మురుగులోకి చూశారు.

"మోటరు కుళాయి పైపుకే పెట్టారా?"

"ఇక్కడ అందరూ అంతేనండీ."

నిజంగా అందరూ అంతే. మా వీధి పైపు లైనుకి చిట్టచివర ఉంది. రోజు విడిచి రోజు, పొద్దున ఆరింటికి ఒక గంట నీళ్ళు వస్తాయి. వచ్చేది నూలుపోగంత ధార. వేసవిలో పంటకాలువలకి నీళ్ళు కట్టేశాక అదీ ఉండదు. అందుకని ఇల్లు కట్టిన ప్రతివాళ్ళూ కుళాయి పైపుకే మోటరు పెట్టి లాగుతారు. అది తప్పని ఎవరూ అనుకోరు. ప్లంబరు కూడా పెట్టమంటారా అని అడగడు, ఎంత పవరుది కావాలని అడుగుతాడు.

మా అత్తగారు సత్యవతమ్మ వరండాలోంచి కేకేశారు. "ఆ మోటరు జోలికి మాత్రం వెళ్ళకు నాయనా. అది లేకపోతే మాకు గొంతు తడవదు."

"వెళ్ళనండీ అమ్మగారూ. మీకు నీళ్ళ రోజు ఎప్పుడు?"

"రేపు."

"అయితే రేపొస్తాను."

పెట్టె విప్పకుండానే వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండింది. ఇంకో రోజు ఈ నీళ్ళతోనే గడపాలి. "పని ఎగ్గొట్టి పోయాడు, ఇంకో మనిషిని చూడండి" అని మా ఆయనకి ఫోన్‌లో చెప్పాను.

రాత్రికి బందరులోనే ఆగారట, మర్నాడు ఆరు కాకముందే ఆయన గేటు దగ్గరున్నారు. మోటరు నుంచి పైట్యాంకుకి వెళ్ళే పైపు విప్పి, దాని మూతి మా తెల్ల బకెట్‌లో పెట్టారు. సంచిలోంచి నీలిమందు సీసా తీశారు. తెల్లచొక్కాల మనిషి కదా, ఉతుక్కోవడానికేమో అనుకున్నాను. ఆయన దాన్ని సైడు కాలువలో, మా పైపు దూరే చోట సగం పైగా ఒంపేశారు.

"ఆన్ చెయ్యండి."

నీళ్ళు తెల్లగా వచ్చాయి. బకెట్ నిండితే పారబోసి మళ్ళీ పెట్టారు. మా అత్తగారు, "చూశావా? అద్దంలా ఉన్నాయి. అనవసరంగా నీలిమందు దండగ" అన్నారు.

"ఇంకొంచెం ఆగండి అమ్మగారూ."

మూడో బకెట్ సగం నిండాక అడుగున రంగు మారింది. ముందు నా కళ్ళే అనుకున్నాను. తర్వాత మా అత్తగారు నా భుజం పట్టుకున్నారు. నీళ్ళు లేత నీలంగా ఉన్నాయి.

స్ట్రాతో పీల్చినప్పుడు లోపల పీడనం తగ్గుతుంది, బయటి పీడనం దేన్నైనా లోపలికి నెడుతుంది. ఏటా ఈ పాఠం చెబుతాను. నల్లబల్ల మీద బొమ్మ కూడా వేస్తాను. నా గేటు దగ్గరి మోటరు వీధి పైపుని స్ట్రాలా పీలుస్తోందని, మధ్యలో జాయింటు వదులైతే మురుగు లోపలికి వస్తుందని నాకు తట్టలేదు. తాగే నీళ్ళు మరగబెట్టాను, పాలసీసాలు మరగబెట్టాను. కానీ లోహిత్‌కి రోజూ సాయంత్రం స్నానం పోసింది ఈ నీళ్ళతోనే. వాడు తడి తువాలు అంచు నోట్లో పెట్టుకుని చప్పరిస్తుంటే ఫోటోలు తీసి మా ఆయనకి పంపాను.

లోపలికెళ్ళి టీడీఎస్ మీటరు తెచ్చి ఆ నీలం నీళ్ళల్లో ముంచాను. ముందురోజు కుళాయి నీళ్ళకి మూడువందల నలభై చూపించింది. ఇప్పుడు మూడువందల నలభై నాలుగు. మురుగు కలిసినా ఆ నాలుగే తేడా.

"అది ఉప్పు లెక్క చెబుతుందండీ. దాని తప్పేం లేదు" అన్నారు శామ్యూల్ రాజ్ గారు.

మా అత్తగారు లోపలికెళ్ళి కాఫీ తెచ్చారు, టిన్ను నీళ్ళతో పెట్టి. ఆయన మెట్ల మీద కూర్చుని గ్లాసు రెండు చేతుల మధ్య పెట్టుకుని చెప్పారు.

"మాది నాగాయలంక అవతల పల్లె అండీ. పంచాయతీ ట్యాంకు కాడ వాల్వు తిప్పే పని నాది. మా ఆవిడ చెరువు నుంచి రెండు బిందెలు మోసేది. ఇంటికి కుళాయి వచ్చాక మోత తప్పింది గానీ, ధార సన్నం. నేనే మోటరు తెచ్చి బిగించా. మా ఆవిడ ఎంత సంతోషపడిందో! అది చూసి ఊళ్ళో వాళ్ళడిగారు. మా దాంతో కలిపి పదకొండిళ్ళకి బిగించా. ఆ వేసవిలో కాలువలు కట్టేశారు. పైపుల్లో నీళ్ళు లేవు, మోటర్లు మాత్రం తిరుగుతున్నాయి. మా అమ్మాయి షీబాకి ఆరేళ్ళు. తెల్లారి మొదలైంది. అవనిగడ్డ తీసుకెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. చేతికీ నరం దొరకలా, కాలికీ దొరకలా."

ఆయన కాఫీ తాగి గ్లాసు మెట్టు మీద పెట్టారు.

"తర్వాత ఇంజనీరుగారొకాయన వచ్చి, ఇట్టాగే నీలిమందు పోసి చూపించాడు, మా ఇంటి ముందే. పదకొండు మోటర్లూ నేనే విప్పా. కొందరు తిట్టారు. మా ఇంటిది ఆఖర్న విప్పా. ముందు దాన్ని విప్పాలి కదండీ న్యాయానికి? చెయ్యి రాలా."

తర్వాత లేచి నీలం బకెట్ పట్టుకెళ్ళి వీధి మధ్యలో పెట్టారు. అది చూసి ఎదురింటి సుందరరాజు గారు బయటికొచ్చారు. రిటైరైన మనిషి, మా వీధిలో అందరికంటే పెద్ద మోటరు ఆయనదే.

"ఏంటమ్మాయ్, పొద్దున్నే చొక్కాలకి నీలం పెడుతున్నారా?"

"సైడు కాలువలో పోస్తే కుళాయిలో వచ్చింది బాబాయిగారూ."

"మీ ఇంట్లో వచ్చుంటుంది. మా పైపు గట్టిది."

పక్కింటి నాగరత్నం గారు గోడ మీంచి అందుకున్నారు. "గట్టిదైతే మీ గుమ్మం ముందు కూడా పోయించండి అన్నయ్యగారూ. తెల్ల బకెట్ నేనిస్తా."

"ముందు నీ ఇంటి ముందు పోయించుకో తల్లీ."

"ఆ, పోయించుకుంటా. భయమా నాకు?"

నీళ్ళు ఆగిపోయే లోపల రెండిళ్ళ దగ్గరా పోసి చూశారు. నాగరత్నం గారి బకెట్ నీలమైంది, మా దానికంటే చిక్కగా. ఆవిడ మనవరాలు అదే కుళాయి కింద పళ్ళు తోముకుంటోంది. ఆవిడ ఆ పిల్ల చేతిలో బ్రష్ లాక్కున్నారు. సుందరరాజు గారి బకెట్ మాత్రం తెల్లగానే ఉంది.

"చూశారా?" అన్నారాయన మీసం తడుముకుంటూ.

"ఇవ్వాళ్టికి రాలేదండీ. పైపు వేసి ఎన్నేళ్ళయింది?" అని అడిగారు శామ్యూల్ రాజ్ గారు. సుందరరాజు గారు లోపలికెళ్ళిపోయారు.

మా ఇంటి పని రెండు రోజులు పట్టింది. కాలువ అడుగు నుంచి పాత పైపు లాగితే, జాయింటుకి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి పురికొసతో కట్టి ఉంది. ఎప్పటి ప్లంబరు పనో. కొత్త పైపుని, దానికి పైన ఇంకో లావు గొట్టం తొడిగి, కాలువ మీదుగా తెచ్చారు. గేటు పక్కన నేల మీద చిన్న ట్యాంకు పెట్టారు. వీధి నీళ్ళు తమంతట తాము ఎంత వస్తే అంత అందులో పడతాయి. మోటరు ఆ ట్యాంకు నుంచి పైకి తోడుతుంది, వీధి పైపుని ముట్టదు. పైట్యాంకు ఖాళీ చేయించి, రుద్ది, బ్లీచింగ్ నీళ్ళతో కడిగారు.

అప్పుడు అట్టపెట్టె విప్పమన్నాను.

"ఇది మీకెందుకండీ? మా వైపు ఉప్పు నీళ్ళకి కావాలి గానీ. మీకొచ్చే పంటకాలువ నీళ్ళల్లో అంత ఉప్పు లేదు. పైగా ఇది ఒక గ్లాసు ఇవ్వడానికి రెండు మూడు గ్లాసులు పారబోస్తుంది. వీధి పైపు నుంచి మోటరు తీశాక మీకు అన్ని నీళ్ళెక్కడివి?"

"కొనేశాం కదండీ."

"బిగించమంటే బిగిస్తాను. నా ఇంటికైతే బిగించను."

మా ఆయన మళ్ళీ ఆ పెట్టెని ఒళ్ళో పెట్టుకుని గుడివాడ బస్సెక్కారు. షాపువాళ్ళు కొంత సణిగి, మార్చి వేరేది ఇచ్చారు. మట్టిని ఆపే కాండిల్, క్రిముల్ని చంపే యూవీ దీపం ఉన్న చిన్న మిషన్ అది. శామ్యూల్ రాజ్ గారు దాన్ని వంటింట్లో నా భుజం ఎత్తులో బిగించారు. అరగంట నీళ్ళు వదిలి మొక్కలకి పోయించారు. తర్వాత మొదటి గ్లాసు పట్టి తనే తాగి, బల్ల మీద కాసేపు కూర్చున్నారు.

"అదేం పరీక్షండీ?" అన్నాను.

"పరీక్ష కాదండీ. అలవాటు."

ఇదంతా జరిగి ఏడు నెలలయింది. మా వీధిలో ఏడిళ్ళకి నాలుగిళ్ళ వాళ్ళు కుళాయి పైపుల నుంచి మోటర్లు తీయించారు. సుందరరాజు గారు తీయలేదు. కాకపోతే ఇదివరకు ఆరింటికే ఆన్ చేసేవారు, ఇప్పుడు మా ట్యాంకుల్లో కాస్త నీళ్ళు పడనిచ్చి, ఆరున్నర దాటాక చేస్తున్నారు. ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. లోహిత్‌కి మధ్యలో ఒకసారి విరేచనాలయ్యాయి, ఒక్కరోజులో తగ్గాయి. నేల మీద ఏం ఏరుకుని నోట్లో పెట్టుకున్నాడో తెలియదు. బరువు పెరిగాడు. సెలైన్ మచ్చ కాలి మీద ఇంకా కనిపిస్తుంది. నా భయం పూర్తిగా పోలేదు, కానీ ఇప్పుడు దానికి చేతినిండా పని ఉంది.

ప్రతి నెలా మొదటి ఆదివారం లోహిత్‌ని చంకనెత్తుకుని వంటింటి గ్లాసు దగ్గర బయల్దేరతాను. ఫిల్టరు, కుళాయి, మెట్ల పక్క పైపు, పైట్యాంకు మూత, కింది ట్యాంకు, కాలువ మీది జాయింటు, వీధి పైపు. ప్రతిచోటా ఆగి, తడిమి, వాసన చూస్తాను. వాడిప్పుడు ట్యాంకు దగ్గరికి రాగానే తనూ ముక్కు ముందుకి చాపుతున్నాడు.

ఫిల్టరు బిగించిన ఆ రోజు సంచి సర్దుకుని తెల్లచొక్కా తొడుక్కుంటున్న శామ్యూల్ రాజ్ గారిని, సర్వీసుకి మళ్ళీ ఎప్పుడొస్తారని అడిగాను.

"ఆర్నెల్లకొచ్చి కాండిల్ మారుస్తానండీ, అది నా పని. మీరు మాత్రం నెలకోసారి గ్లాసు కాణ్ణుంచి వీధి దాకా పైపు వెంట వెనక్కి నడవండి. ఒక్కరే నడవమాకండి. బాబుని ఎత్తుకుని నడవండి, అప్పుడు ఏదీ చూడకుండా దాటిపోరు."